గాజు పెంకులు ఎవరు ఊడ్చవలెను?

పట్టణములో అల్లరి జరిగిన మరునాటి ఉదయమున వీధులను ఎవరు శుభ్రము చేయవలెను? పగులగొట్టినవారా? మునిసిపాలిటీవారా? లేక ఏ పాపమును ఎరుగని ఇరుగుపొరుగువారా? ఇది మన పత్రికలో వ్రాయదగినంత పెద్ద ప్రశ్న కాదని కొందరికి తోచవచ్చును. చీపురు సంగతి గదా, దానికి ఇంత విచారణ ఎందుకు అని అడుగుదురు. అయితే హోసూరు రోడ్డు ప్రక్కన కాపురముండు మనకు ఇది దూరపు సంగతి కాదు. మన పూర్వికుల చరిత్రను బట్టి చూచినను చీపురు మనకు చిన్న వస్తువు కాదు.

2016వ సంవత్సరము ఏప్రిల్ 18, 19 తేదీలు బొమ్మసంద్రలో ఉన్నవారికి జ్ఞాపకముండును. గార్మెంట్స్ ఫ్యాక్టరీలలో కుట్టుపని చేయు స్త్రీలు వేలాదిగా మిషన్లు విడిచి హోసూరు రోడ్డు మీదికి వచ్చినారు. వారిని ఏ పార్టీయు పిలువలేదు, పేరున్న నాయకుడెవడును నడిపించలేదు. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రావిడెంటు ఫండు నియమమును మార్చినది. యజమాని కట్టు భాగమును కార్మికుడు 58 ఏండ్లు నిండువరకు తీసికొనరాదన్నది ఆ క్రొత్త నియమము. ఆఫీసు ఉద్యోగికి ఇది పెద్ద బాధ కాకపోవచ్చును. ఆ దినములలో గార్మెంట్స్‌లో నెలకు ఏడెనిమిది వేలు తెచ్చుకొనుచుండిన స్త్రీ సంగతి వేరు. ఆమె ఒకే ఫ్యాక్టరీలో ముప్పది ఏండ్లు ఉండదు. కన్నులు మసకబారినప్పుడో, నడుము పట్టినప్పుడో, కాన్పుకు పోయినప్పుడో మానివేయును. మానిన తరువాత చేతికి వచ్చు ఆ పి.ఎఫ్. డబ్బే ఆమెకు కూతురి పెండ్లి, ఇంటి అడ్వాన్సు, పిల్లవాని కాలేజీ ఫీజు. దానిని 58వ ఏటివరకు మూసిపెట్టుదుమని చెప్పినందుకు వారు రోడ్డెక్కినారు.

రెండవ దినమున సంగతి అదుపు తప్పినది. నగరములో బస్సులు కాలినవి. మనకు ప్రక్కనే ఉన్న హెబ్బగోడి పోలీసు స్టేషను మీద రాళ్లు పడినవి, అక్కడ నిలిపియున్న వాహనములు తగులబడినవి. లాఠీచార్జీ జరిగినది. ఆ సాయంకాలమే అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన తెలుగువారైన శ్రీ బండారు దత్తాత్రేయ గారు ఆ నియమమును రద్దు చేయుచున్నామని ప్రకటించినారు. రెండు దినములలో దేశమంతటికి నియమము మారినది. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి, ఎందుకనగా రోడ్డు మీద పడిన గాజు పెంకుల గూర్చి మాట్లాడునప్పుడు అవి ఏ న్యాయమైన మొరతో కలిసి పడినవో మరచిపోవుట సులభము.

అదే సంవత్సరము సెప్టెంబరు 12న కావేరి నీటి విషయమై బెంగుళూరు మరల మండినది. తమిళనాడుకు నీరు విడువవలెనని సుప్రీం కోర్టు ఇచ్చిన ఆజ్ఞ దానికి కారణము. ఒక తమిళ ట్రావెల్స్ కంపెనీకి చెందిన నలుబదికి పైగా బస్సులు ఒకే డిపోలో కాలి బూడిదైనవి. కర్ఫ్యూ పెట్టినారు. ఇద్దరు మరణించినారు. అత్తిబెలె దగ్గర బస్సులు ఆగిపోగా జనులు మూటలు నెత్తిన పెట్టుకొని రాష్ట్రపు హద్దును నడిచి దాటినారు.

ఇప్పుడు ఇరుగుపొరుగువారి చీపురుల సంగతికి వత్తును. దీనికి లోకమంతట ఎరిగిన ఉదాహరణ లండను పట్టణము. 2011 ఆగస్టు 4న టాటన్‌హామ్ అను పేటకు చెందిన ఒక నల్లజాతి యువకుని పోలీసులు కాల్చి చంపినారు. రెండు దినములకు అక్కడ అల్లరి మొదలై ఇంగ్లండులోని అనేక పట్టణములకు వ్యాపించినది, అయిదుగురు చనిపోయినారు. క్రాయిడన్‌లో 1867 నుండి నడచుచున్న ఒక ఫర్నిచరు దుకాణము మంటలలో కూలిపోయినది. ఆగస్టు 9 ఉదయమున వందలాది మంది సామాన్యులు చీపురులు, గ్లవుజులు, చెత్త సంచులు పట్టుకొని వీధులలోనికి వచ్చినారు. ఒకరికొకరు తెలియనివారు ట్విట్టరు ద్వారా పిలుచుకొన్నారు. క్లాఫమ్ జంక్షను వద్ద వారందరు ఒక్కసారిగా చీపురులను ఆకాశమునకు ఎత్తిన ఫొటో లోకమంతటి పత్రికలలో వచ్చినది. హాక్నీలో శ్రీలంక తమిళుడొకని చిన్న దుకాణమును దోచుకొనగా, పేటవారు చందాలు వేసి అతనిని మరల నిలబెట్టినారు. పెక్హామ్‌లో పగిలిన దుకాణపు అద్దమునకు అడ్డముగా కొట్టిన చెక్కల మీద జనులు చిన్న చిన్న కాగితములు అంటించి తమ పేటను ప్రేమించుచున్నామని వ్రాసినారు. ఆ చెక్కలను తరువాత భద్రపరచినారు కూడ.

ఇది చూచి సంతోషించనివారు ఎవరు? నేనును సంతోషించినాను. అయితే అదే క్లాఫమ్‌లో చీపురు పట్టిన ఒక స్త్రీ తన బనియను మీద, దోచుకొన్నవారు మడ్డి అను అర్థము వచ్చు మాటలు వ్రాసికొని నిలిచిన ఫొటో కూడ ఉన్నది. అక్కడ నాకు అడ్డు తగిలినది. చీపురు గాజును ఊడ్చుటతో ఆగక మనుష్యులను కూడ ఊడ్చుట మొదలుపెట్టినది. ఊరు మాది, మీరు చెత్త అని దాని భావము. అల్లరి చేసినవారు ఎక్కడినుండియో ఎగిరివచ్చిన మిడుతలు కారు, ఆ పేటలలోని పిల్లలే. దోచుకొనుట తప్పు కాదని నేను చెప్పుటలేదు. తప్పే. ఇల్లు కాలి కట్టుబట్టలతో వీధిన పడినవారిని అడిగినయెడల అది ఎంత తప్పో చెప్పుదురు. అయినను కాల్పులలో బిడ్డను పోగొట్టుకొన్న ఆ మొదటి ఇంటివారి ప్రశ్నకు చీపురు జవాబు కాదు. వీధి అద్దమువలె మెరిసినంత మాత్రమున ప్రశ్న తీరిపోయినదని అనుకొనుట మంచివారికి కలుగు ఒక శోధన. తుడిచినవారికి హాయిగా ఉండును, ఆ హాయియే ప్రమాదము.

నెహెమ్యా గ్రంథము ఎరిగిన మనకు ఇది క్రొత్త కాదు. మూడవ అధ్యాయములో కాలిపోయిన యెరూషలేము గోడను ఎవరి ఇంటి ఎదుట వారు బాగుచేసిన పట్టిక ఉన్నది. కంసాలులు ఉన్నారు, పరిమళద్రవ్యములు చేయువారు ఉన్నారు, షల్లూము కుమార్తెలు ఉన్నారు. తెకోవీయుల పెద్దలు మాత్రము ఈ పనికి మెడ వంచలేదని కూడ వ్రాయబడినది. (సంఘపు పెద్దలమైన మేము ఆ వచనమును బహిరంగముగా చదువుట తక్కువ.) మనము సాధారణముగా ఆ పట్టిక వరకు చదివి ప్రసంగము ముగించుదుము. అయితే రెండు అధ్యాయములు దాటగానే పని మధ్యలో బీదలు మొరపెట్టినారు. పొలములు తాకట్టు పోయినవి, పిల్లలు దాసులైనారు అని ఏడ్చినారు. నెహెమ్యా కోపపడినాడు, గోడ ముగిసిన తరువాత చూతమని అనలేదు. ప్రధానులను పిలిపించి వారు తీసికొన్న పొలములను, ఇండ్లను తిరిగి ఇప్పించినాడు. గోడ పనియు మొర వినుటయు ఒకే గ్రంథములో ప్రక్కప్రక్కన ఉన్నవి. హెబ్బగోడిలో ఊడ్చువాడు పి.ఎఫ్. సంగతి ఏమిటని కూడ అడుగవలెను. అడుగనివాడు సగము పనియే చేసినాడు.

ఇక మన సొంత సంగతి. దీనిని మృదువుగా చెప్పుటకు ప్రయత్నింతును గాని చెప్పక మానను.

లండనులో చీపురును జెండావలె ఎత్తినారు. మనవారు చీపురును అంత తేలికగా ఎత్తగలరా? తెలుగు బాప్తిస్టు సంఘములు ఎవరిలో పుట్టినవో మనకు తెలియును. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో అధికులు మాదిగపల్లెలవారు. ఊరిలో చచ్చిన గొడ్డును లాగుట, వీధి శుభ్రము చేయుట, కబురు మోయుట వారికి వంతు. దానికి కూలి లేదు, కాదనుటకు హక్కు లేదు. దానినే వెట్టి అన్నారు. అంతకు ముందటి కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగపు పనిని కాంట్రాక్టుకు తీసికొని ఆకలితో ఉన్నవారిచేత త్రవ్వించినప్పుడు, మనవారు చేసినది అదే మట్టిపని. అయితే ఆ పనికి కూలి ముట్టినది. అందువలన అది వారికి అవమానము కాలేదు. ఆ కాలువ గూర్చి మన పెద్దలు గర్వముతో చెప్పుకొనుట మనము విన్నాము. వెట్టి గూర్చి గర్వముతో చెప్పుకొన్నవారిని ఎవరిని నేను వినలేదు.

ఇప్పుడు చూడుడి. జీతము లేకుండ ఊరి వీధి ఊడ్చుట ఒకే క్రియ. మన ముత్తాత చేసినప్పుడు దాని పేరు వెట్టి. క్లాఫమ్‌లో చేసినప్పుడు దాని పేరు స్వచ్ఛంద సేవ. తేడా చీపురులో లేదు. ఊడ్చువాడు ఈ దినము నాకు వీలు లేదని చెప్పి ఇంటికి పోగలడా అన్నదానిలో ఉన్నది. పోగలిగినవాడు ఊడ్చినయెడల అది దానము. పోలేనివాడు ఊడ్చినయెడల ఎంత అందమైన పేరు పెట్టినను అది వెట్టియే. ఉపాధ్యాయ శిక్షణలో మాకు శ్రమ గౌరవము అను పాఠము చెప్పినారు. పిల్లలచేత తరగతి గది ఊడ్పించుట విద్యలో భాగమని గాంధీగారి మూలవిద్యా పద్ధతినిబట్టి నేర్పినారు. మంచి పాఠమే. కాని పల్లెటూరి బడులలో పనిచేసినవారికి ఇంకొక సంగతి కూడ తెలియును. చీపురు వంతు ఎప్పుడును పల్లె పిల్లలకే పడుచుండెను. మంచినీళ్ల కుండ వంతు మాత్రము వారికి పడుటలేదు. ఈ రెండవ వంతును చూడకుండ మొదటి వంతును గూర్చి శ్రమ గౌరవమని మాట్లాడరాదు.

బెంగుళూరు వీధులను దినదినము ఊడ్చుచున్న పౌరకార్మికులను ఎప్పుడైనను పలుకరించినారా? వారిలో ఎక్కువమంది స్త్రీలు, దళితులు. వారిలో అనేకులు ఇంటిలో మాట్లాడునది తెలుగు. తాతల కాలమున అనంతపురము, చిత్తూరు, కడప వైపునుండియు కోలారు, పావగడ వైపునుండియు వచ్చినవారు. మనము వలసవచ్చి ఆఫీసులకు పోయినాము, వారు వలసవచ్చి చీపురు పట్టినారు. ఏండ్ల తరబడి కాంట్రాక్టరుల క్రింద పనిచేసినారు. 2022 జూలైలో రాష్ట్రమంతట పని నిలిపి, మమ్ములను శాశ్వత ఉద్యోగులుగా చేయుడని ఫ్రీడమ్ పార్కులో కూర్చున్నారు. 2025 మే దినమున నగరములో 12 వేలమందికి పైగా శాశ్వత నియామక పత్రములు ఇచ్చినారు. అల్లరి మరునాడు కాలిన టైరును, రాళ్లను, గాజును మొదట ముట్టునది వారి చేతులే. ఫొటోలో వారు ఉండరు. లండనులోను అంతే జరిగినది. స్వచ్ఛందముగా వచ్చినవారు చేరుసరికి అనేక వీధులను మునిసిపాలిటీ పనివారు రాత్రికి రాత్రే ఊడ్చియుండిరి.

కావున మన యౌవనస్థులు చీపురు పట్టరాదని చెప్పుచున్నానా? కొందరు పెద్దలు అట్లే అందురు. మన తండ్రులు చదువు చెప్పించి మనలను చీపురునుండి విడిపించినారు, మరల ఎందుకు పట్టవలెను అందురు. వారి మాటలో గాయము ఉన్నది, దానిని నేను తీసివేయను. అయితే ఆ మాటను చివరివరకు తీసికొనిపోయినయెడల చీపురు అవమానకరమైన వస్తువని ఊరివారు చెప్పినదానిని మనమే ఒప్పుకొన్నట్లగును. ఇంకను పట్టుకొనియున్న మన అక్కచెల్లెండ్రను అవమానించినట్లగును. విడుదల పొందినవాడే ఆ పనిని స్వేచ్ఛగా చేయగలడు. అవమానింపబడినది చీపురు కాదు, మనుష్యుడు.

న్యాయశాస్త్రము ఏమి చెప్పుచున్నది? పగులగొట్టినవాడే చెల్లించవలెనని చెప్పుచున్నది. ప్రజల ఆస్తికి నష్టము కలిగించుటను నివారించు చట్టము 1984లో వచ్చినది. నష్టమును అల్లరి చేసినవారినుండియు చేయించినవారినుండియు రాబట్టవలెనని సుప్రీం కోర్టు 2009లో సూత్రములు నిర్ణయించినది. ఆ కేసు పేరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉన్నది! 2020 ఆగస్టు 11 రాత్రి డి.జె. హళ్లి, కె.జి. హళ్లి ప్రాంతములలో అల్లరి జరిగినప్పుడు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి శ్రీ హెచ్.ఎస్. కెంపణ్ణ గారిని నష్టము లెక్కకట్టుటకు నియమించినది. ఇంగ్లండులో 1886 నుండి ఇంకొక పద్ధతి ఉన్నది. అల్లరిలో నష్టపోయినవానికి పోలీసు నిధినుండి పరిహారము ఇయ్యవలెను, ఎందుకనగా శాంతిని కాపాడుట వారి బాధ్యత. రెండును న్యాయమే. కాని రెండును నెమ్మదిగా నడుచును. గాజు పెంకు మాత్రము ఈ ఉదయముననే బడికి పోవు పిల్లవాని కాలిలో గ్రుచ్చుకొనును.

తరగతిలో సిరాబుడ్డి పగిలినప్పుడు ఉపాధ్యాయునికి రెండు పనులుండును. ఎవరు పగులగొట్టినారో విచారించుట ఒకటి, సిరా పుస్తకముల మీదికి పారకుండ తుడుచుట ఒకటి. మొదటిది తేలువరకు రెండవది ఆపువాడు మంచి ఉపాధ్యాయుడు కాడు. రెండవది అయిపోయినది గనుక మొదటిది వద్దనువాడును మంచి ఉపాధ్యాయుడు కాడు. తుడిచినవాడు నేరస్థుడని ఎవరును అనుకొనరు. దగ్గరనున్నవాడు తుడుచును, అంతే. ఇరుగుపొరుగువారి బాధ్యతయు ఇట్టిదే. అది నేరమునుండి పుట్టదు, దగ్గరితనమునుండి పుట్టును.

అయితే మనము దగ్గరివారమేనా? కావేరి అల్లరినాడు మన తెలుగు ఇండ్లలో చాలమంది తలుపులు వేసికొన్నారు. ఇది కన్నడిగులకు తమిళులకు మధ్య పోరు, మనకేమి అనుకొన్నారు. భయము సహజమే, దానిని నేను నిందింపను. వలసవచ్చినవాడు సగము అతిథి, సగము ఇంటివాడు. అతిథి ఇంటి గొడవలో కలుగజేసికొనడు. కాని అతిథి పాతికేండ్లు ఉండి, స్థలము కొని, ఇల్లు కట్టి, పిల్లలకు కన్నడము నేర్పి, బొమ్మసంద్రవరకు మెట్రో వచ్చినందుకు సంతోషించి, గాజు పెంకుల దినమున మాత్రము నేను అతిథినని చెప్పుట ఎట్లు? బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములో ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుకొనుడని చెప్పిన చోటనే ఆ పట్టణపు క్షేమమును కోరుమని కూడ ఉన్నది. మొదటి భాగమును మనము బహు శ్రద్ధగా నెరవేర్చినాము.

ఊడ్చుటకంటె ముందు జరుగగలిగిన ఇంకొక పనియు ఉన్నది. డి.జె. హళ్లి అల్లరి రాత్రి కొందరు ముస్లిం యువకులు ఒక హనుమంతుని గుడి చుట్టు చేతులు పట్టుకొని గొలుసుగా నిలిచినారు. మంటలు దానిని ముట్టలేదు. ఆ గుడి దగ్గర మరునాడు చీపురులకు పని లేదు. నేను చెప్పునది ఇంతే, చీపురు ఆలస్యముగా వచ్చు స్నేహము. అది రావలసినదే గాని ముందుగా రాగలిగిన స్నేహము రాత్రి గొలుసులో నిలుచును.

మన సంఘముల యౌవనస్థులు ఎప్పుడైనను ఇట్టి పనికి బయలుదేరినయెడల కొన్ని సంగతులు చెప్పదలచితిని. పోలీసులు చూడవలసినది చూచువరకు ఏమియు కదపరాదు. క్లాఫమ్‌లో కూడ జనులు గంటల తరబడి వేచియున్నారు. కాలిన దుకాణము వారిని అడుగకుండ లోపలికి పోరాదు, ఆ బూడిదలో వారి లెక్కల పుస్తకములు ఉండవచ్చును. గాజును చెత్తలో కలుపక మందపు గోనెసంచిలో వేరుగా కట్టవలెను, లేనియెడల దానిని ఎత్తు పౌరకార్మికురాలి చేయి తెగును. సంఘపు బ్యానరు కట్టవద్దు. లాఠీ దెబ్బలు తిన్నవారి ఇంటికిని, అరెస్టు అయినవారి ఇంటికిని అదే వారములో పోవలెను. కాలిన వాహనము వారి ఇంటికి పోయినంత ధైర్యముగా అక్కడికిని పోవలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఆ వీధి ఊడ్చు స్త్రీని అడిగి, ఆమె చూపిన చోట ఆమె చెప్పినట్లు పని చేయవలెను. గాజు ఎక్కడ చేరునో, మోరీ ఎక్కడ మూసుకొనునో ఆమెకు తెలిసినంత మన ఇంజనీరు పిల్లలకు తెలియదు. పోవువారు పెందలకడ పోవలెను. వారు ఉదయము ఆరు, ఆరున్నరకే హాజరు వేయించుకొని పని మొదలుపెట్టుదురు. మనవారు టిఫిను ముగించుకొని తొమ్మిదికి చేరినయెడల అక్కడ ఊడ్చుటకు ఏమియు మిగిలియుండదు.